ఉట్టి లేని ఊళ్లో అక్క

అక్క పోయిన పదకొండో రోజు, భోజనాల దగ్గర ఆ మాట వచ్చింది. రెండో పంక్తి లేచి చేతులు కడుక్కుంటున్నారు. నిజామాబాద్ నుంచి వచ్చిన ఆమె చెల్లెలి అల్లుడు పంటి సందులో పుల్ల పెట్టుకుని అన్నాడు: "పెద్దమ్మ మనిషి మంచిదే గని గప్పాలు జర ఎక్కువ. స్పెయిన్ పోయిన అంటుండె. బాన్సువాడల బీడీలు చుట్టే మనిషికి స్పెయిన్‌ల ఏం పని?"

నలుగురు నవ్వారు. పదకొండో రోజుకు ఆ ఇంట్లో కొంచెం నవ్వు రావాలి కూడా, తప్పు లేదు. కానీ నా చేతిలో పప్పుచారు బకెట్ ఉంది, దాన్ని కింద పెట్టేశాను.

"పోయింది. నేను పక్కనే ఉన్న," అన్నాను.

"ఫోటో ఉన్నదా?"

"లేదు."

"మరి ఏం చూసిండ్రు అక్కడ?"

నేను బకెట్ మళ్లీ ఎత్తుకుని మూడో పంక్తి దిక్కు నడిచాను. ఎందుకంటే చూడడానికి ఊరు ఊరంతా వచ్చిన దాన్ని మేమిద్దరమే చూడలేదు. అక్కడే ఉన్నాం, దాని కిందే ఉన్నాం, కానీ చూడలేదు. అదెట్లాగో చేతిలో గరిటె పట్టుకుని చెప్పే ముచ్చట కాదు. అందుకని ఇట్లా కూర్చుని రాస్తున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఎదురిల్లు. పుట్టిల్లు మద్నూర్ దాటినాక డోంగ్లి దిక్కు, మహారాష్ట్ర సరిహద్దు మీద. కోపం వస్తే మరాఠీలో తిట్టేది, ప్రేమ వచ్చినా మరాఠీలోనే తిట్టేది, ఏది ఏదో మనమే తెలుసుకోవాలి. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను పిల్లా అనేది. నాకు మనుమలు పుట్టినా పిల్లానే.

ఆమెను తలుచుకుంటే ముందు గుర్తుకొచ్చేది మొహం కాదు, నిలబడే తీరు. మా ప్రాంతపు పాత ఆడవాళ్ల లాగా గోచీ పోసి చీర కట్టేది. రెండు కాళ్లూ జానెడు ఎడంగా, మడమలు నేలలో నాటినట్టు, నడుము నిటారుగా. నల్లా దగ్గర బిందె నిండేదాకా మేమంతా ఒంటి కాలి మీద బరువేసి, ఒకరు గోడకు ఆనుకుని, ఒకరు నడుం మీద చెయ్యేసుకుని నిలబడేవాళ్లం. ఆమె చప్పుడు కాకుండా వెనక నుంచి వచ్చి మోకాలి మడతలో వేలితో పొడిచేది. మనిషి అక్కడికక్కడ కుప్పకూలేది. "సూసినవా? గంతే నీ బలం," అని పడ్డవాళ్ల కంటే ముందు తనే పకపకా నవ్వేది.

బీడీలు చుట్టేటప్పుడు కూడా అంతే. చాట ఒళ్లో పెట్టుకుని ఎనిమిది గంటలు కూర్చున్నా వీపు గోడకు తగలనిచ్చేది కాదు. మా అత్త పోయినప్పుడు నేను గడప పట్టుకుని ముడుచుకుపోయి ఏడుస్తుంటే, అందరూ ఊరుకో ఊరుకో అంటున్నారు. ఈమె వచ్చి రెండు భుజాలు పట్టుకుని లేపింది. "ముందుగాల సీదా నిలవడు. ఎనక ఏడువు. వంగి ఏడిస్తె నడుం పడతది." ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చి, అందరూ నన్ను వింతగా చూశారు.

ఇదంతా ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో గల్లీలో అందరికీ తెలుసు. వాళ్ల దిక్కు కృష్ణాష్టమికి ఉట్టి కొట్టడం పెద్ద పండుగ. మనుషుల భుజాల మీద మనుషులు నిలబడి మూడు వరుసలు, నాలుగు వరుసలు లేస్తారు. ఆమె అన్నదమ్ములు నలుగురూ అందులో ఉండేవాళ్లు. ఇంటి వెనక నేర్చుకునేటప్పుడు ఒక మనిషి తక్కువైతే అడుగు వరుసలో ఈమెను నిలబెట్టేవాళ్లు. పండుగ రోజు మాత్రం చేతికి చెంబిచ్చి అరుగు ఎక్కించేవాళ్లు. ఎక్కేవాళ్ల మీద నీళ్లు చల్లడం ఆడవాళ్ల పని. "నేర్సేనాడు పనికొచ్చిన భుజం పండుగనాడు పనికి రాదా?" అని ఆమె మాతో కొన్ని వందల సార్లు అని ఉంటుంది. ఆమె పట్టుచీర కావాలని అనగా నేను వినలేదు, తిరుపతి చూడాలని అనగా వినలేదు. పండుగ నాడు, అందరి ముందు, అడుగు వరుసలో ఒక్కసారి నిలబడాలి. ఆమె కోరికల్లా అదొక్కటే.

మా గల్లీలో కూడా ఉట్టి కట్టేవాళ్లు. ఆమె మరిది తాపీ మేస్త్రీ, పెత్తనమంతా అతనిదే. ఇది తొంభైల నాటి మాట. ఆ ఏడు పిల్లగాండ్లు రెండు సార్లు లేచి రెండు సార్లు పడ్డారు. ఈమె చేతిలో చెంబు ఉన్న సంగతే మరిచిపోయి అరుగు మీద నుంచి అరుస్తోంది.

"ఓ తమ్మీ, మోకాలు వంచకురా! ఓ ఎర్ర బనీనూ, కాళ్లు ఎడం పెట్టు, పెండ్లికూతురి లెక్క నిలవడ్డవేంది?"

మరిదికి చిరాకు పుట్టింది. "వదినా, నీ పని నీళ్లు పోసుడు. అరుగు మీదికెళ్లి అందరికీ తెలుస్తది. అంత తెలిస్తె నువ్వే వచ్చి నిలవడరాదు!"

ఎగతాళికే అన్నాడు. ఆమె చెంబు అరుగు మీద పెట్టింది. గోచీ బిగించింది. మెట్లు దిగి నేరుగా ఉట్టి కిందికి నడిచింది.

మొదట ఈలలు వేశారు. ఆమె నిజంగానే వచ్చిందని అర్థమయ్యాక ఈలలు ఆగిపోయాయి. కాళ్లు ఎడం చేసి, పక్కవాళ్ల భుజాల మీద వేయడానికి రెండు చేతులూ చాపింది. అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు జరిగారు. చూస్తుండగానే ఆమె చుట్టూ జాగ ఖాళీ అయిపోయింది. తడిసిన గల్లీ నడుమ ఆమె ఒక్కతే, చేతులు గాలిలో. ఇంట్లో నుంచి ఆమె అత్త కేకేసింది: "ఇంట్లకు రా! ఇజ్జత్ తీస్తున్నవ్ గదనే!"

ఆమె చేతులు దించి, తల దించకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

చాలా రోజులకు, ఇద్దరమే బీడీలు చుట్టుకుంటూ ఉన్నప్పుడు తనంతట తనే అన్నది. "నవ్విండ్రని కాదు పిల్లా. జరిగిండ్రు సూడు, అగ్గి వచ్చి పడ్డట్టు. గది." దారం పంటితో తెంపి ఇంకో ఆకు తీసుకుంది.

తర్వాత మా దిక్కు అందరూ పోయినట్టే ఆమె కూడా గల్ఫ్ పోయింది. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని. రెండేళ్లకు నన్ను పిలిపించి అదే ఇంట్లో పిల్లల పనికి పెట్టించింది. మేడం కోపిష్టిది కాదు, అట్లాగని చనువు ఇచ్చే మనిషీ కాదు. అక్కడి ఎండలు మనుషులు తట్టుకునేవి కావు. అందుకని ఆగస్టు నెలలో వాళ్లు చల్లటి దేశాలకు పోయేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటి రెండో మూడో ఏట, స్పెయిన్ దేశంలో కాటలోనియా అనే సీమకు పోతూ, అక్కడి వంట పడదని మేడం మమ్మల్ని కూడా పెట్టె సామానుతో పాటు తీసుకుపోయింది. నెల రోజులకు సముద్రం ఒడ్డున ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ఆ ఊరి పేరు సిట్జెస్.

అందమైన ఊరే, కాదనను. సున్నం కొట్టిన తెల్లటి ఇండ్లు, ఒడ్డు పొడుగునా ఖర్జూరం చెట్ల లాంటివి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద ఒక చర్చి. కానీ మేము పరేషాన్ అయింది మనుషులను చూసి. ఇసుక మీద వేల మంది వడియాల లెక్క ఎండుతున్నారు. నూనె రాసుకుంటారు, ఇటు ఎండినాక అటు తిరుగుతారు. అక్క కిటికీలో నుంచి చూసి చూసి అన్నది: "వీళ్లకు ఇంట్ల నీడ లేదా పిల్లా? గింత ఎండె కావాల్నంటె మన దిక్కు కోతలకు రావచ్చు గద. ఎండినట్టయితది, వరి కోసినట్టయితది."

సముద్రాన్ని ఆమె ఒక్కపూట చూసింది. "ఎంతసేపు సూసినా గదే వస్తది, గదే పోతది," అని తేల్చేసింది. వారం గడిచినాక ఆ ఊరి మీద ఆమె ఫిర్యాదు ఒక్క ముక్కకు వచ్చింది: "గీ ఊళ్లె ఎవలూ నిలవడరు. పంటరు, లేకుంటె కూసుంటరు."

మా వీధి మూల మీద పండ్ల దుకాణం ఒకటి ఉండేది. అందులో పనిచేసే అతను పాకిస్తాన్ నుంచి వచ్చినవాడు. కొత్తిమీర కోసం పోయి, అతని నోట ఉర్దూ వినపడేసరికి మాకు పుట్టింటి మనిషి దొరికినట్టయింది. మేము భాయ్ అనేవాళ్లం, అతను బాజీ, అంటే అక్కా, అనేవాడు. అక్క ఫిర్యాదు విని నవ్వాడు.

"బాజీ, ఇది వచ్చిపోయేవాళ్ల ఊరు. ఉండేవాళ్ల ఊరు ఆ కొండల వెనక ఉంది. విలాఫ్రాంకా. కిరాయి తక్కువ కాబట్టి నేనుండేది అక్కడే. చూపిస్తాను రండి."

ఒక శనివారం మేడం వాళ్లు పడవ మీద పోతూ సాయంత్రం దాకా మీ ఇష్టం అన్నారు. మధ్యాహ్నం భాయ్ పని దిగాక అతనితో పాటు బస్సెక్కాం. సముద్రం వెనకబడిపోయింది, కొండలు తిరిగాం, దిగేసరికి ఎటు చూసినా ద్రాక్ష తోటలే. మా బాన్సువాడ చుట్టూ చెరుకు ఎట్లాగో అక్కడ ద్రాక్ష అట్లాగ. అక్క ఆ నేలను చూసి మొదటిసారి హాయిగా వెనక్కి ఆనుకుంది, బస్సు సీటుకు.

ఊళ్లో దిగితే మనిషి జాడ లేదు. రాతి గల్లీలు, ఎత్తైన పాత గోడలు, అన్ని దుకాణాల షట్టర్లూ కిందికే.

"బంద్ ఉన్నదా భాయ్? ఎవలన్న పెద్దమనిషి పోయిండా?" అక్క గొంతు తగ్గించి అడిగింది.

"లేదు బాజీ, అన్నం తిని పడుకున్నారు. రోజూ ఇంతే."

ఆ ఊళ్లో పాత రాజుల మేడ ఒకటి ఉంది. దానికి ఎదురుగా ఆకాశంలోకి లేచిన రాతి చర్చి. భాయ్ పైన బొమ్మలు చూపిస్తుంటే అక్క కింద చూస్తోంది. గోడ అడుగు రాయి మీద అరచెయ్యి ఆనించి, "పైకంటె అడుగు ఎంత ఎడల్పు పెట్టిండ్రో సూడు పిల్లా. గందుకే నిలవడ్డది," అన్నది. ఆ నీడలో, ఆ చల్లటి గల్లీల్లో, మా చెప్పుల చప్పుడు మాకే వినిపిస్తుంటే తిరిగాం. ఆమెకు ఆ ఊరు నచ్చింది. సముద్రం ఒడ్డున ఒక్కపూటకు మించి నిలవని మనిషి అక్కడ ఒక్కొక్క గడప ముందు ఆగింది.

ఎండ కొంచెం తగ్గుతుండగా ఒక గోడ వెనక నుంచి సన్నాయి వినబడింది. సన్నాయి అంటే మన సన్నాయే కాదు, కానీ దాని దాయాదే. వెంట చిన్న డోలు. అక్క ఆగిపోయింది. గేటు తీసే ఉంది. లోపల పెద్ద వాకిట్లో యాభై అరవై మంది ఉన్నారు. నడుమ భుజాల మీద భుజాలుగా మనుషులు లేస్తున్నారు. ఒక వరుస, రెండు, మూడు, నాలుగు.

అక్క నా మణికట్టు పట్టుకుంది. గాజులు చేతిలోకి దిగాయి, అయినా వదల్లేదు. ముందు మనుషులను చూసింది, తర్వాత వాళ్ల తలల మీదికి చూసింది, తర్వాత ఇంకా పైకి ఆకాశంలోకి చూసింది.

"ఉట్టేది భాయ్?"

"ఉట్టి అంటే?"

"కుండ. పైన కడతరు గద. ఏం కొడతరు వీళ్లు?"

అతను అక్కడున్న ఒక పెద్దావిడను వాళ్ల భాషలో అడిగాడు. అరవై దాటిన మనిషి, కత్తిరించిన తెల్లజుట్టు, తెల్ల ప్యాంటు. ఆమె నవ్వి, వేలు పైకి చూపించి, చెయ్యి ఒకసారి ఎత్తి, మళ్లీ వేలు కిందికి దించింది.

"ఏమీ కొట్టరట బాజీ. ఎక్కి, పైన చెయ్యెత్తి, దిగుతారట."

"గింత పాణం పెట్టి ఎక్కి ఉత్త చేతుల దిగుతరా?" అక్క మొహంలో నమ్మకం లేదు. కానీ అప్పుడే ఆమె ఇంకొకటి చూసింది. అడుగున మగవాళ్ల మధ్య ఆడవాళ్లు ఉన్నారు. రెండో వరుసలోనూ ఉన్నారు. ఎవరూ చెంబులు పట్టుకుని లేరు. చాలాసేపు చూసి, మెల్లగా అన్నది: "పిల్లా, గా నీలం అంగీ ఆమెకు నా వయసుంటది."

ఆ పెద్దావిడ నడుముకు నల్లటి పొడుగాటి బట్ట చుట్టుకోవాలి. మన దట్టీ లాంటిది. ఒకరు కొస పట్టుకుని బిగించి లాగితే, కట్టుకునేవాళ్లు గిరగిరా తిరుగుతూ అందులో చుట్టుకుంటారు. ఆ బట్ట నడుమును పట్టి ఉంచుతుంది, ఎక్కేవాళ్లకు కాలు పెట్టుకునే మెట్టు కూడా అదే. కొస పట్టే మనిషి కోసం ఆవిడ చుట్టూ చూస్తుంటే, ఎవరూ చెప్పకుండానే అక్క పోయి పట్టుకుంది. కాళ్లు ఎడం చేసి, మడమలు దించి పట్టింది. ఆవిడ తిరుగుతూ వచ్చి అక్క చేతుల దగ్గర ఆగింది. నడుము మీద చెయ్యేసి చూసుకుంది. వేలు కూడా దూరదు. ఆవిడ అక్క కాళ్ల వైపు చూసింది, తర్వాత మొహంలోకి చూసి భాయ్‌తో ఏదో అన్నది.

"వచ్చే వారం వీళ్ల జాతరట. చౌరస్తాలో ఇంతకంటే ఎత్తు కడతారట. అడుగుకు ఎంతమంది వస్తే అంత మంచిదట. నిన్ను రమ్మంటోంది."

"అడుగుకా? నన్నా?"

"నిన్నే."

ఆ వారమంతా కూరల్లో ఉప్పు ఎక్కువైంది, కాకపోతే అసలు లేదు. నేను అడిగితే అన్నది: "పోవాలె అనే ఉన్నది పిల్లా. కని నేను పోయి నిలవడంగనే వాళ్లు గూడ జరిగితె? గక్కడ జరిగిండ్రంటె మనోళ్లని సరిపెట్టుకున్న. గింత దూరం వచ్చినంక గూడ జరిగితె, ఇగ తప్పు నా దగ్గరనే ఉన్నట్టు."

చివరికి మేడం ముందుకు పోయి, వచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో సెలవడిగింది. వాళ్ల జాతరలో నీకేం పని అని మేడం అడిగింది. "నిలబడే పని," అన్నది ఈమె. మేడం ఏమనుకుందో నవ్వి, పిల్లల అన్నం వేళకు రావాలన్నది.

జాతర రోజు ఆ నిశ్శబ్దపు ఊరు వేరే ఊరై ఉంది. చౌరస్తాలో ఇసుక వేస్తే రాలదు. మేడల మీద నుంచి జనం వేలాడుతున్నారు. పెద్దావిడ మమ్మల్ని దూరం నుంచే చూసి చెయ్యెత్తింది. అక్క గోచీ బిగించి, చెంగు చుట్టి దోపింది. ఉట్టి పని దేవుని పని కదా, చెప్పులు విడిచి గోడ వారగా పెట్టింది, నేనూ పెట్టాను. అంతే, అక్కడున్నవాళ్లందరూ ఆమె పాదాలు చూసి కేకలు, చప్పట్లు. పెద్దావిడ కళ్లు పెద్దవి చేసి పైకి చూపించింది. మాకు అర్థం కాలేదు. భాయ్ కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పాడు: "బాజీ, ఇక్కడ ఎక్కేవాళ్లే చెప్పులు విడుస్తారు. అడుగున ఉండేవాళ్లు బూట్లు వేసుకుంటారు. నువ్వు ఎక్కుతావనుకుంటున్నారు!"

"ఆ, ఎక్కుత! గీ వయసుల నన్ను దింప క్రేన్ తేవాలె!" అని అక్క కూడా నవ్వింది. కానీ చెప్పులు మాత్రం వేసుకోలేదు. "దేవుని పనికి చెప్పులేంది," అన్నది.

పెద్దావిడ ఆమె భుజం పట్టి గుంపులోకి నడిపించింది. నేను వెనకే పోతూ ఆమె నడుము బిగుసుకోవడం చూశాను. ముందున్న మగవాళ్లు తిరిగి చూశారు. ఆమె అడుగు ఆగింది. ఒకతను పక్కకు జరిగాడు. జరిగి, తన చెయ్యి ఎత్తి, తనకూ పక్కవాడికీ నడుమ సరిగ్గా ఒక్క మనిషి పట్టే సందు చూపించాడు. ఆమె ఆ సందులోకి పోగానే ఆ చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది. ఇటు పక్కన ఇంకొకటి. వెనక నేను. నా వెనక ఎవరో, వాళ్ల వెనక ఇంకెవరో.

అక్కడొక నియమం ఉంది. ముందు మనిషి వీపుకు నీ రొమ్ము తాకాలి, చేతులు ముందుకు చాపాలి, తల దించాలి. పైకి చూడకూడదు. పైనుంచి ఎవరైనా జారితే ఎత్తిన మెడ విరుగుతుంది. జన్మంతా పైకి చూసి అరిచిన మనిషికి ఆ రోజు కనబడింది ముందున్నవాని చొక్కా ఒక్కటే. నాకు కనబడింది ఆమె జాకెట్టు కుట్లు.

సన్నాయి లేచింది. ఏ పాట దగ్గర ఏ వరుస ఎక్కుతుందో అక్కడివాళ్లకు ఆ సన్నాయితోనే తెలుస్తుందట. మాకు బరువుతో తెలిసింది. నడుమ నుంచి ఒక ఒత్తిడి వచ్చి ముందువాని వీపులోకి, అక్కలోకి, ఆమె నుంచి నాలోకి దిగింది. తర్వాత ఎవరో అరిచారు, ఒత్తిడి తగ్గింది. సగంలో అదురు పుట్టిందట, పడకముందే దించేశారు. జనం ఉస్సురన్నారు.

మళ్లీ కట్టారు. ఈసారి బరువు ఇంకా లోతుకు వచ్చింది. నా చేతుల కింద ఆమె వీపు వణకడం మొదలుపెట్టింది. ఆమె వణుకు కాదది, పైనుంచి వస్తున్నది. ఎవరి బూటో ఆమె కాలి మీద పడింది. "అయ్యో నీ..." అని మరాఠీలో ఒక మంచి తిట్టు తిట్టింది, కాలు మాత్రం తియ్యలేదు. "పిల్లా! మోకాలు!" అని నన్ను అరిచింది. నిజంగానే నా మోకాలు వంగుతోంది. చక్కగా చేసుకున్నాను. అప్పుడు సన్నాయి పాట మారింది, ఊరంతా ఒక్కసారిగా గొంతెత్తింది. పైన ఎవరో చెయ్యెత్తి ఉంటారు. నేను ఏడుస్తున్నాను, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. కానీ సీదాగా నిలబడే ఏడ్చాను.

ఎవరూ కదల్లేదు. మెల్లగా, ఒక్కొక్క వరుస, బరువు తగ్గుతూ వచ్చింది. ఆఖరివాళ్లు దిగాక అప్పుడు చూడాలి ఆ చౌరస్తా. ముక్కూ మొహం తెలియనివాళ్లు కౌగిలించుకుంటున్నారు. పెద్దావిడ పరుగున వచ్చి అక్కను రెండు చెంపల మీదా ముద్దు పెట్టుకుంది. అక్క జన్మలో మొగుడు కూడా అట్లా నలుగురిలో ముద్దు పెట్టి ఉండడు, సిగ్గుతో చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భాయ్ చెప్పుల జతలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎట్లుండె భాయ్? పైన ఎట్లుండె?" అక్క అడిగింది.

"మేడ ఎత్తు లేచింది బాజీ. పైకి ఆరేళ్ల పిల్ల ఎక్కింది. చెయ్యి ఇట్లా ఊపి దిగిపోయింది."

"ఆడపిల్లనా?"

"ఆడపిల్లే."

బస్సులో కాలి బొటనవేలు నల్లగా ఉబ్బి ఉంటే దాన్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. కొండ దిగాక సముద్రం కనబడింది. "ఏం కొట్టలే పిల్లా. ఉత్తగ చెయ్యి ఊపి దిగిందంట పోరి." బొటనవేలు ఒకసారి ఒత్తి చూసుకుంది. "మంచిగున్నది."

ఇంకో రెండేళ్లు కువైట్‌లో చేసి ఇద్దరం ఇల్లు చేరాం. ఆ ఏడు కృష్ణాష్టమికి మా గల్లీలో ఎప్పటిలాగే ఉట్టి కట్టారు. మరిదికి జుట్టు నెరిసింది గానీ పెత్తనం అతనిదే. పిల్లగాండ్లు లేచారు, పడ్డారు. మళ్లీ లేచారు, మళ్లీ పడ్డారు. అరుగు మీద అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట అనడం లేదు.

"ఏంది వదినా, ఊకున్నవ్? కువైట్‌ల నోరు మర్శి వచ్చినవా?" అని మరిదే అడిగాడు.

"నోటితోని నిలవడదురా. జాగ ఇయ్యి," అన్నది.

మెట్లు దిగింది. మరిది నేల చూశాడు. అతనికీ ఆ పాత రోజు గుర్తుండే ఉంటుంది. అందరికంటే ముందు అతనే అరడుగు జరిగి, తన ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. "రా వదినా. నా పక్కకు రా."

ఆమె పోయి నిలబడింది. నిలబడి చుట్టూ చూసింది. "ఐదుగురు మోస్తె యాభై మంది సూసుడేందిరా? సూసేటోళ్లు రాండ్రి. ఓ చాచా, కెట్లి పక్కన పెట్టు. ఓ పిల్లా, నీ చెంబు కింద పెట్టి నా ఎనకకు రా. ఆడోళ్లంత నా ఎనక. మొగోళ్లు అటు మూడు దిక్కుల."

ముందు నేను పోయాను. నా వెనక మా కోడలు, దాని వెనక నల్లా దగ్గర ఆమె పొడుపులు తిన్న ఆడవాళ్లందరూ. టీ కొట్టు చాచా, సైకిల్ మీద పోతున్న పోస్టుమాన్ కూడా వచ్చి చేతులు ఆనించారు. నీళ్లు చల్లడానికి పైన ఒక్కరూ మిగల్లేదు.

"తల దించుండ్రి. పైకి సూసినోళ్ల మోకాలు పొడుస్త."

బరువు దిగింది. ఒకటి, రెండు, మూడు. మా గల్లీ ఎప్పుడూ చూడని నాలుగో వరుస. తర్వాత టప్పున చప్పుడు, మెడ మీద చల్లగా పెరుగు. ఉట్టి పగలగానే మా గల్లీలో అందరూ కేకలు పెట్టి ఎటువాళ్లు అటు ఉరకడమే అలవాటు, పైవాళ్లు ఎట్లా దిగితే అట్లా దిగుతారు. ఆ రోజు కూడా కాళ్లు కదలబోయాయి.

"కదలకుండ్రి! పోరడు ఇంక పైననే ఉన్నడు!"

కదల్లేదు. పెరుగు కళ్లలోకి కారుతున్నా ఎవరూ చెయ్యి తియ్యలేదు. ఒక్కొక్క వరుస దిగింది. చిట్టచివరి పిల్లవాడి పాదం నేల తాకాక, "ఇగ లేవుండ్రి," అన్నది ఆమె.

తలలెత్తి చూశాం. పైన ఉత్త తాడు ఊగుతోంది. గల్లీ గల్లీ అంతా ఒకరి వీపు మీద ఒకరం చేతులు పెట్టుకునే ఉన్నాం. తియ్యాలని ఎవరికీ తోచలేదు.